అన్నం వద్దన్న బిడ్డ: కుటుంబ చికిత్సకు తోడుగా ఇంటి ఆసరా – కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కౌమారదశలో వచ్చే అనొరెక్సియా వ్యాధికి నేడు అనేక దేశాలలో మొదట సూచిస్తున్న వైద్యం కుటుంబ ఆధారిత చికిత్స. వైద్యుడితో సమావేశం వారానికి ఒకసారి జరుగుతుంది. చికిత్సలోని అసలు పని మాత్రం రోజుకు ఐదారుసార్లు ఇంట్లో, పళ్లెం ముందు జరుగుతుంది. ఆ పనిలో కుటుంబానికి అందవలసిన తోడ్పాటును ఈ వ్యాసం ‘ఇంటి ఆసరా’గా పేర్కొంటుంది. బిడ్డ ‘వద్దు’ అన్నప్పుడు కర్నూలు, కడప ప్రాంతాల ఇల్లు ఆ మాటను ఏ అర్థంలో వింటుంది, ఆ వినికిడి చికిత్సకు ఎక్కడ ఉపకరిస్తుంది, ఎక్కడ అడ్డు తగులుతుంది అన్నది పరిశీలనాంశం.

కీలక పదాలు: అనొరెక్సియా, కౌమారం, కుటుంబ చికిత్స, ఇంటి ఆసరా, రాయలసీమ, ఒక్కపొద్దు, అలక, కొసరు.

1. ప్రవేశిక:

రాయలసీమకు ఆకలి కొత్త కాదు. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి. కరువు పనులలో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టగా, ఆ కొలతతో మనిషి బతకలేడని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి ఈ ప్రాంతపు జ్ఞాపకంలో నిలిచిపోయాడు. 1952లో కూడా ఇక్కడ గంజి కేంద్రాలు నడిచాయి. పలకరింపుగా “బువ్వ తింటివా?” అని అడిగే అలవాటు వెనుక ఈ చరిత్ర అంతా ఉంది.

ఇంత కరువు చూసిన నేల మీద, గాదెలో గింజలుండగా, పద్నాలుగేళ్ల బిడ్డ అన్నం ముట్టనంటే ఇంటిల్లిపాదికీ దిక్కు తోచదు. తిండి లేకపోవడం అంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు. ఉన్న తిండిని కాదనడం, అదీ నెలల తరబడి కాదనడం ఏమిటో తెలియదు. ఆ తెలియనితనంలో మొదట పోయేది కాలం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల బాలికలలో సగానికి మించి రక్తహీనత ఉంది. బక్కపలచని బాలిక ఇక్కడ ఎవరి కంటికీ వింతగా కనిపించదు. నెలసరి ఆగినప్పుడో, బడిలో కళ్లు తిరిగి పడినప్పుడో కుటుంబం మేలుకొంటుంది. అప్పుడైనా ముందు పరుగెత్తేది రక్తపరీక్షకు, స్త్రీవైద్యుల వద్దకు. మనోవైద్యం ఆలోచన చివర వస్తుంది.

2. పేరులోని చిక్కు:

‘అనొరెక్సియా’ అనే గ్రీకు మూలపదానికి ఆకలి లేకపోవడమని అర్థం. వ్యాధికి ఇది తప్పు పేరు. రోగికి ఆకలి ఉంటుంది, చాలాసార్లు తీవ్రంగా ఉంటుంది. దానిని అణచిపెట్టడమే వ్యాధి పని. తెలుగులో ‘ఆకలి మందగించింది’ అనగానే అరుగుదల మందు గుర్తుకు రావడం సహజం కనుక, ఈ తప్పు పేరు తెలుగు ఇంట్లో మరింత హాని చేస్తుంది. ఆయుర్వేద గ్రంథాలు ఈ విషయంలో కొంత సూక్ష్మంగా ఆలోచించాయి. నోటికి రుచి తెలియకపోవడం అరుచి. అన్నాన్ని తలచినా, చూసినా ద్వేషం కలగడం భక్తద్వేషం. ఈ రెండింటినీ విడదీసి చెప్పిన దృష్టి నేటికీ పనికివస్తుంది. అయితే భక్తద్వేషమూ అనొరెక్సియా ఒకటేనని తేల్చడం తొందరపాటు అవుతుంది. ఒకటి లక్షణానికి పేరు, రెండోది శరీరాన్నీ ఆలోచననూ కలిపి పట్టుకున్న వ్యాధికి పేరు.

పాశ్చాత్య వైద్యగ్రంథాలలో ఈ వ్యాధికి ప్రధాన గుర్తు లావెక్కుతానన్న భయం. ఆసియాలో ఈ గుర్తు అన్నిసార్లూ ఇంత స్పష్టంగా కనబడకపోవచ్చు. 1990ల తొలినాళ్లలో హాంకాంగ్ మనోవైద్యుడు సింగ్ లీ, ఆ భయం చెప్పని రోగుల గురించి వివరంగా రాశాడు. 1995లో ఢిల్లీ వైద్యులు ఖండేల్వాల్, శరణ్, సక్సేనా ప్రకటించిన వ్యాసంలోని ఐదుగురు యువతులు తిండి నిరాకరణ, ఆగని వాంతులు, బరువు తగ్గడం, నెలసరి ఆగిపోవడం వంటి బాధలతో వచ్చారు. శరీరాకృతి గురించిన వక్రభావన వారిలో పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు కనిపించలేదు. వ్యాధి నిర్ధారణ కష్టమైంది. వెల్లూరు సి.ఎం.సి. వైద్యులు 2007లో ప్రకటించిన పిల్లల అధ్యయనంలోనూ తిండికి సంబంధించిన మానసిక సమస్యలలో ఎక్కువ భాగం వాంతులవే, అనొరెక్సియా కొద్దిమందిలోనే. కనుక కడపలోనో ఆదోనిలోనో ఒక బాలిక “గొంతు దిగదు”, “కడుపు నిండినట్టే ఉంది” అంటూ బరువు కోల్పోతుంటే, ‘లావవుతానని భయమా?’ అనే ఒక్క ప్రశ్నకు ‘కాదు’ అన్న జవాబు వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని తేల్చరాదు.

3. కుటుంబం: నిందితుని స్థానం నుండి వైద్యుని పక్కకు:

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ ఈ వ్యాధిని విడివిడిగా వర్ణించారు. రోగికి బంధుమిత్రుల కంటే అధ్వాన్నమైన పరిచారకులు ఉండరని గల్ అభిప్రాయం. పారిస్‌లోనే షార్కో రోగిని తల్లిదండ్రులకు దూరంగా ఉంచితే తప్ప నయం కాదన్నాడు. ఈ అనుమానం సుమారు నూరేళ్లు నిలిచింది. 1970లలో ఫిలడెల్ఫియాలో మినూచిన్ కుటుంబాన్ని చికిత్స గదిలోకి పిలిచినా, రోగానికి మూలం కుటుంబ నిర్మాణంలోనే ఉందన్న భావం ఆయన సిద్ధాంతంలో మిగిలే ఉంది.

మలుపు లండన్ మాడ్‌స్లీ వైద్యశాలలో వచ్చింది. రసెల్, జ్ముక్లర్, డేర్, ఐస్లర్ 1987లో ప్రకటించిన పరిశోధనలో 80 మంది రోగులున్నారు. వారిలో వ్యాధి 19 ఏళ్లలోపు మొదలై మూడేళ్లు దాటని అనొరెక్సియా రోగులకు వ్యక్తిగత చికిత్స కంటే కుటుంబ చికిత్స మేలు చేసింది. దానిని అమెరికాలో లాక్, ల గ్రాంజ్ 2001లో చికిత్సా గ్రంథంగా క్రోడీకరించారు. కారణం ఎవరు అన్న ప్రశ్నను ఈ పద్ధతి పక్కన పెడుతుంది. మొదటి దశలో తిండి నిర్ణయాలన్నీ తల్లిదండ్రుల చేతికి వస్తాయి. బరువు పుంజుకున్నాక రెండో దశలో ఆ నిర్ణయాలు మెల్లగా బిడ్డకు తిరిగి చేరుతాయి. మూడో దశలో వయసుకు తగిన మిగతా విషయాలు చర్చకు వస్తాయి. 2010లో లాక్ బృందం 121 మంది కౌమారులపై చేసిన ప్రయోగంలో, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవారు కుటుంబ చికిత్సలో 49 శాతం, వ్యక్తిగత చికిత్సలో 23 శాతం. అదే సంవత్సరం అంతర్జాతీయ ఈటింగ్ డిజార్డర్స్ అకాడమీ, ఈ వ్యాధికి కుటుంబాన్ని ప్రధాన కారణంగా చూపడం సరికాదని తన వైఖరిని ప్రకటించింది.

49 శాతాన్ని విజయంగా చదవడం సులభమే. మిగిలిన సగం ఇళ్లలో ఏం జరిగింది? ఇంటి ఆసరా అనే ఆలోచనకు మూలం ఈ ప్రశ్నే. చికిత్సకుడి గదిలో ధైర్యంగా తలూపిన తల్లి, మరునాటి మధ్యాహ్నం పళ్లెం గోడకు తగిలినప్పుడు ఒంటరిగా ఉంటుంది. జర్మనీలోని ఆహెన్, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ వంటి చోట్ల శిక్షణ పొందిన నర్సులు, చికిత్సకులు తొలి వారాలలో ఇంటికే వచ్చి భోజనవేళ పక్కన కూర్చునే పద్ధతులను ఇటీవలి సంవత్సరాలలో పరీక్షిస్తున్నారు. ఆహెన్‌లో కొద్దికాలం వైద్యశాలలో ఉంచి ఇంటికి పంపాక ఈ తోడు మొదలవుతుంది. జ్యూరిచ్‌లో కుటుంబ చికిత్సకు అదనంగా జోడిస్తారు.

రోగి పక్కన కుటుంబం ఉండాలన్న ఆలోచన మాత్రం మనకు అక్కడి నుండి రావలసినది కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉండమన్నాడు. వెల్లూరు సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రం కూడా తొలినాళ్ల నుండి రోగితో పాటు కుటుంబసభ్యులు బస చేసే పద్ధతినే అనుసరించింది. కడప, చిత్తూరు ప్రాంతాల జనం తరతరాలుగా వెళ్తున్న ఆసుపత్రి అది. వైద్యశాలలో కుటుంబానికి చోటివ్వడం మనకు అలవాటే. అక్కడి నుండి ఊరికి వచ్చాక కుటుంబానికి తోడు ఉండదు.

4. ‘వద్దు’ – ఇల్లు వినే తీరు:

తెలుగు ఇంట్లో అన్నాన్ని కాదనడానికి గౌరవప్రదమైన అర్థాలు మూడున్నాయి.

మొదటిది మర్యాద. అతిథి ‘వద్దు’ అంటాడు, ఇల్లాలు వినదు. కొసరి కొసరి వడ్డించడమే ఆదరణ. ఇక్కడ ‘వద్దు’ మాట ఉన్నదే తోసివేయబడడానికి, మూడోసారి అడిగేసరికి అది కరిగిపోతుంది. రెండోది అలక. అన్నం మీద అలిగినవారికి ఏదో కోరిక ఉంటుంది. అది తీరిస్తేనో, బుజ్జగిస్తేనో పళ్లెం ముందుకు వస్తారు. మూడోది ఒక్కపొద్దు. శనివారమో, రంజాన్ రోజో, మొక్కు దినమో, దానికి గడువుంది, గడువు తీరగానే భోజనముంది. అన్నం మానిన మనిషిని ఇల్లు ఈ మూడింటిలో ఏదో ఒక గదిలో కూర్చోబెట్టి చూస్తుంది. పదమూడేళ్ల పిల్ల వారానికి మూడు ఒక్కపొద్దులు మొదలుపెడితే అవ్వ మురిసిపోతుంది. రాత్రి అన్నం మానితే అలక అనుకుని నాయన కొత్త ఫోను కొనిస్తాడు. పెండ్లి విందులో ఏమీ ముట్టకపోతే అణకువ అని మెచ్చుకుంటారు.

మూడింటికీ ముగింపు ఉందన్నది గమనించవలసిన అంశం. అనొరెక్సియా చెప్పే ‘వద్దు’కు ముగింపు లేదు. దానికి తీరవలసిన కోరిక లేదు, గడువు లేదు, మూడో అడుగులో కరిగే బిడియం లేదు. పైగా తిండి తగ్గేకొద్దీ అది బలపడుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 1944–45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టి పరిశీలించాడు. వారికి ముందు ఏ మానసిక వ్యాధీ లేదు. అయినా నెలలు గడిచేసరికి తిండి గురించిన ఆలోచన తప్ప మరొకటి లేకుండా పోయింది; వంటల పుస్తకాలు చదివారు, గంటల తరబడి పళ్లెం ముందు కూర్చున్నారు, స్నేహాలు విడిచారు, చిరాకు, దిగులు కమ్ముకున్నాయి. ఆకలి తానే మనసును మార్చగలదని తేలింది. అందుకే బిడ్డను ఒప్పించి తినిపించాలనే ప్రయత్నం ఎక్కువగా విఫలమవుతుంది. ఒప్పుకోవలసిన మనసే పస్తులో ఉంది. తిండి ముందు, ఒప్పుకోలు తరువాత.

ఇంటి ఆసరాలో మొదటి పని కుటుంబం చెవిని మార్చడం. “నా మీద ఒట్టు, ఇంగో ముద్ద తిను” అన్న మాటలో ప్రేమ ఉంది, అయితే అది ముద్దను రుణంగా మారుస్తుంది. తిననప్పుడు బిడ్డ తిండినే కాక తల్లినీ కాదన్నట్టవుతుంది. ఆ అపరాధభావం వ్యాధికే మేత. బెదిరింపు, బేరం, “నీ చెల్లెల్ని చూడు” వంటి పోలిక కూడా అంతే. శిక్షణలో నేర్పేది చిన్న, మారని వాక్యాలు: “ఇది నీ మధ్యాహ్నం అన్నం. కష్టంగా ఉందని తెలుసు. నేను ఇక్కడే కూర్చుంటాను.” కుటుంబ చికిత్సలో రెండో సమావేశం సాధారణంగా కుటుంబమంతా చికిత్సకుడి ఎదుట కలిసి చేసే భోజనం. తల్లిదండ్రులు అనుకున్న దానికంటే మరొక్క ముద్ద బిడ్డ చేత తినిపించగలగడం దాని లక్ష్యం. తెలుగులో దానికి సిద్ధంగా ఉన్న మాట ‘కొసరు’. అతిథి మర్యాదలోని కొసరుకూ దీనికీ తేడా ఒక్కటే: ఇక్కడ కొసరేవారు నవ్వుతూ వెనుదిరగరు, వాదనకూ దిగరు, పళ్లెం ఖాళీ అయ్యేదాకా పక్కనే ఉంటారు.

వ్యాధినీ బిడ్డనూ వేరుచేసి చూడమని ఈ చికిత్స పదేపదే చెబుతుంది: అన్నం తోసేసింది బిడ్డ కాదు, వ్యాధి. ఇది విన్న రాయలసీమ ఇల్లు ఆశ్చర్యపోదు. ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ అనే మాటలలో ఆ విభజన ముందే ఉంది. బిడ్డపై కోపం రాకుండా ఆపే శక్తి ఆ మాటలకుంది. అయితే గాలి అన్న వెంటనే వైద్యం బయటివారి చేతికి పోతుంది, కుటుంబం ఎదురుచూసే పక్షం అవుతుంది. కడప పెద్దదర్గాకు వెళ్లి వచ్చిన కుటుంబాన్ని నిందించి వైద్యుడు సాధించేది ఏమీ లేదు. ఆ రోజు దారిలో కూడా మూడు పూటల తిండీ మధ్యలో రెండు చిరుతిండ్లూ తప్పలేదా అని అడగడం మేలు.

కోలుకునే దశలో మరో ప్రమాదం పొగడ్తలో ఉంది. “ఒళ్లు చేసినావే, మొగంలో కళ వచ్చింది” అన్న మాట ఈ ప్రాంతంలో ఆశీర్వాదం. బరువు పెరగడాన్నే శత్రువుగా చూస్తున్న బిడ్డ చెవిలో అది శిక్ష. ఈ ఒక్క మాట అనవద్దని ఇరుగుపొరుగుకు చెప్పడం తల్లికి ఎంత కష్టమో పల్లె ఎరిగినవారికి తెలుసు.

5. పళ్లెంలో ఏముండాలి:

ఈ విషయంలో వేరే వంటకాలు అక్కరలేదు, ఇంటి వంటలోనే లెక్క మార్చాలి. రాగిసంగటి బలమైన తిండి అన్న నమ్మకం నిజమే, కాని నీటితో ఉడికిన సంగటి ముద్ద కడుపును త్వరగా నింపుతుంది. పస్తులతో జీర్ణాశయం మందగించిన బిడ్డ రెండో ముద్దకే ఆయాసపడుతుంది. తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తి సీమలోనే పండుతుంది: 100 గ్రాముల చెనిక్కాయలలో సుమారు 550 కేలరీలున్నాయి. సంగటిని చిన్నది చేసి చెనిక్కాయల ఊరిబిండి, నెయ్యి పెంచడం, ఉగ్గానిలో పప్పుల పొడి ఎక్కువ వేయడం, మధ్యలో చెనిక్కాయల ఉండ, పాలు ఇవ్వడం, ఇవన్నీ ఇంట్లో జరిగే పనులు. ఏం వండాలో, ఎంత వడ్డించాలో నిర్ణయించేది పెద్దలే. వ్యాధిగ్రస్తురాలైన బాలిక తానే అందరికీ వండిపెడతానని ముందుకు వస్తుంది, తాను మాత్రం తినదు. పనిమంతురాలైన పిల్ల అని ఇల్లు సంతోషించే ఈ ప్రవర్తన కూడా లక్షణమే. తొలి వారాలలో ఆమెను వంటగదికి దూరంగా ఉంచాలి.

పస్తున్న శరీరానికి ఒక్కసారిగా పెద్ద తిండి పెట్టడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. అందుచేత తొలిరోజుల తిండి కొలత వైద్యుడి రక్తపరీక్షలను బట్టి సాగాలి.

6. ఎవరు కూర్చుంటారు?

చికిత్సాగ్రంథాల కుటుంబంలో తల్లి, తండ్రి, తోబుట్టువులు ఒకే బల్ల చుట్టూ ఉంటారు. కర్నూలు పడమటి మండలాలలో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు, వానలు తప్పిన ఏడు కుటుంబాలు ఇళ్లకు తాళం వేసి మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్‌కు వెళ్లిన తల్లి లేదా తండ్రి లేని వీధి అరుదు. బిడ్డ అవ్వ దగ్గరో, జేజి దగ్గరో ఉంటుంది. తల్లిదండ్రులు లేరు కనుక కుటుంబ చికిత్స కుదరదని తేల్చడం తేలిక. పళ్లెం పక్కన ఎవరున్నారో వారికే శిక్షణ ఇవ్వడం సరైన పని.

అవ్వకు రెండు బలాలున్నాయి, ఒక బలహీనత ఉంది. ఆమెకు ఓపిక ఉంది, పొద్దంతా కూర్చునే తీరిక ఉంది. మనవరాలి కన్నీరు చూడలేకపోవడం ఆమె బలహీనత. సగం తిన్నాక “పోనీలే బంగారూ” అంటుంది. ఆ ‘పోనీలే’ ఎంత ఖరీదైనదో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పడమే ఇంటి ఆసరాలో సగం. కువైట్‌లో ఉన్న తండ్రికీ పని ఇవ్వవచ్చు. రాత్రి భోజనవేళ వీడియో కాల్‌లో ఉండి తానూ అప్పుడే తినడం, తిండి గురించి కాక బడి, క్రికెట్, ఊరి సంగతులు మాట్లాడడం అతని పని. తల్లి ఒక మాట, అవ్వ ఒక మాట చెబితే వ్యాధి ఆ సందులోనే దూరుతుంది. ముందుగా పెద్దలంతా ఎంత వడ్డించాలో ఒకే మాట మీదికి రావడం అందుకే అవసరం. ఆ మాటను వారం వారం సరిచూసే మనిషి కావాలి. ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం మనోవైద్యులు కారు, కాని ఒకే తూకంపై, ఒకే సమయంలో బరువు చూసి, నాడి లెక్కించి, జిల్లా కేంద్రంలోని వైద్యుడికి ఫోనులో చెప్పగలరు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల, కడప రిమ్స్‌లలోని మనోవైద్య విభాగాలు ఈ గొలుసుకు పైకొస. తొలి నెలలో వారం వారం పట్నానికి రమ్మనే చికిత్స, కూలి పోగొట్టుకోలేని కుటుంబంలో మూడో వారానికి ఆగిపోతుంది. తొలి నాలుగు సమావేశాల కాలంలో బరువు సుమారు రెండు కిలోలకు పైగా పెరగడం మంచి ఫలితానికి సూచన అని పరిశోధనలు చెబుతున్నాయి. మూడో వారంలో ఆగడం అంటే సరిగ్గా ఆ కీలక సమయంలో ఆగడమే.

7. ఇల్లు చాలని చోటు:

ఇంటి ఆసరా వైద్యశాలకు ప్రత్యామ్నాయం కాదు. మెలకువలో నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, రక్తపోటు 90/45 కంటే పడిపోయినా, నిలబడగానే కళ్లు తిరుగుతున్నా, బరువు ఆ వయసుకూ ఎత్తుకూ ఉండవలసిన దానిలో ముప్పాతిక వంతుకు దిగినా, నీరు కూడా ముట్టనన్నా బిడ్డను ఆసుపత్రిలో చేర్చవలసిందే. అలసిన గుండె నెమ్మదిగా కొట్టుకోవడాన్ని ‘క్రీడాకారుల నాడి’ అని సరిపెట్టుకోవడం ప్రాణాంతకం. బాలురలోనూ ఈ వ్యాధి వస్తుంది. వ్యాయామం మాటున అది మరింత ఆలస్యంగా బయటపడుతుంది.

మానసిక వైద్యశాలలో చేర్చవలసి వచ్చినప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ మైనరుతో పాటు నామినేటెడ్ ప్రతినిధి లేదా ఆయన నియమించిన సహాయకులు చేరిక ముగిసేదాకా అక్కడే ఉండాలంటుంది. ఆ ప్రతినిధి పురుషుడై, రోగి బాలిక అయితే స్త్రీ సహాయకురాలిని నియమించాలి. ఆ వారాలను కుటుంబం కేవలం కాపలాగా గడపకుండా, భోజనవేళ నర్సు ఏం మాట్లాడుతోంది, ఎక్కడ మౌనంగా ఉంటోంది గమనించి నేర్చుకోవడానికి వాడుకోవచ్చు.

డిశ్చార్జి తరువాత ఈ రెండు జిల్లాలలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న హాస్టలుది. పదో తరగతి, ఇంటర్మీడియట్ పిల్లలలో ఎందరో గురుకులాలలో, కస్తూర్బా విద్యాలయాలలో, కార్పొరేటు కళాశాలల హాస్టళ్లలో ఉంటారు. చదువు వెనకబడుతుందన్న భయంతో కుటుంబం బిడ్డను నెలలోపే తిరిగి పంపాలనుకుంటుంది. మెస్‌లో వందలమంది మధ్య ఒక పళ్లెం మిగిలిపోవడాన్ని గమనించేవారు ఉండరు. రెండో దశ పూర్తయి, పెద్దలు లేకుండానే బిడ్డ వరుసగా కొన్ని వారాలు అన్ని పూటలా తినగలిగేదాకా ఇంటి నుండి బడికి వెళ్లే ఏర్పాటు చేయాలి. మధ్యాహ్న భోజనవేళ పక్కన కూర్చోవడానికి ఒక ఉపాధ్యాయురాలిని పేరు పెట్టి అడగాలి.